కుంచెకు తగిన వెల

పాఠ్యభాగ పరిచయం

చిత్రకళను ఆరాధించేవారు మన సమాజంలో ఎందరో ఉన్నారు. కాని, ఆ కళనే జీవనోపాధిగా స్వీకరించినవారి ఆర్థిక సమస్యలను గురించి ఆలోచించేవారు కొద్దిమందే. ఒక వ్యాపారసంస్థ తన అవసరం కోసం చిత్రాన్ని గీయించుకొనేటప్పుడు దాని వెలను దేని ఆధారంగా నిర్ణయించాలి, ఆ వెలలో ఏయే అంశాలు ఇమిడి ఉంటాయి, పని ప్రారంభించక ముందే ఏయే విషయాలను కాగితంపై రాసుకోవాలి అనే వాటిని ఈ పాఠం వివరిస్తుంది. కళాకారులు కాదలచినవారికే కాక, రేపు వ్యాపారులై చిత్రాలు గీయించుకొనేవారికి కూడా ఈ విషయాలు తెలియడం అవసరం.

పాఠం

బియ్యానికి తూకం ఉంది. బట్టకు కొలత ఉంది. బంగారానికి వన్నె ఉంది. అందువల్ల అంగడిలో వాటి వెలను తెలుసుకోవడం కష్టం కాదు. చిత్రానికి కూడా పొడవు, వెడల్పులు ఉన్నప్పటికీ వాటిని బట్టి దాని విలువను నిర్ణయించలేము. ఒకే కొలత గల రెండు చిత్రాలలో ఒకటి వేయి రూపాయలు పలికితే మరొకటి లక్ష రూపాయలు పలకవచ్చు. అందుకే “దీనికి ఎంత తీసుకొంటారు?” అనే చిన్న ప్రశ్న ఎదురైనప్పుడు కుంచె పట్టడంలో చేయి తిరిగినవారు కూడా తడబడుతూ ఉంటారు. కొందరు మొహమాటంతో “మీకు తోచినంత ఇవ్వండి” అంటారు. మరికొందరు తొందరపాటుతో ఏదో ఒక అంకె చెప్పి, పని సగం పూర్తయ్యాక నష్టపోతున్నామని గ్రహిస్తారు.

చిత్రాలు అమ్ముడుపోయే పద్ధతులు ప్రధానంగా రెండు. చిత్రకారులు తమ మనసుకు నచ్చిన దృశ్యాన్ని గీసి ప్రదర్శనలో ఉంచినప్పుడు, చూసి మెచ్చినవారు కొనుక్కోవడం మొదటి పద్ధతి. ఫలానా చిత్రం, ఫలానా కొలతలో, ఫలానా గడువులోగా కావాలని ముందే చెప్పి గీయించుకోవడం రెండవ పద్ధతి. ఇటువంటి దానిని పురమాయింపు చిత్రం అనవచ్చు. పురమాయించేవారిలో కూడా రెండు రకాల వారు ఉంటారు. ఒక కుటుంబం తమ తాతగారి రూపచిత్రాన్ని గీయించుకొంటే అది ఆ ఇంటి గోడమీద వేలాడుతుంది. దానితో దాని ప్రయోజనం నెరవేరుతుంది. అదే ఒక హోటలో, వస్త్రదుకాణమో, ఔషధాల కంపెనీయో గీయించుకొంటే ఆ చిత్రం గోడకు పరిమితం కాకపోవచ్చు. క్యాలెండరు మీదికి, సరుకు పెట్టెమీదికి, రహదారి పక్కన నిలబెట్టే ప్రచార ఫలకం మీదికి అది ప్రయాణం చేయవచ్చు. అక్కడ ఆ చిత్రం అలంకారం మాత్రమే కాదు, సంపాదన సాధనం కూడా. వ్యాపారసంస్థ గీయించుకొనే చిత్రానికి వెల కట్టడంలోని చిక్కు అంతా ఈ తేడాలోనే ఉంది.

తెలుగునేలపై పురమాయింపు

చిత్రాన్ని పురమాయించి గీయించుకోవడం మనకు కొత్త విషయం కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి నకాశీ చిత్రకారులు నూలుబట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు మొదలైనవి పూసి ఎండబెట్టి గట్టిపరుస్తారు. ఎర్రని నేపథ్యం మీద వరుసలు వరుసలుగా కథాఘట్టాలను చిత్రిస్తారు. ఈ పటాలను పూర్వం ఇళ్ళలో అలంకరించుకోవడానికి గీయించలేదు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకులు వీటిని గీయించుకొనేవారు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, ఇతర కులాలకు కథలు చెప్పే మరికొందరు తమ తమ పురాణాలను పటాల మీద రాయించుకొని, రాత్రివేళ జనం మధ్య పటాన్ని ఒక్కొక్క ఘట్టంగా విప్పుతూ గానం చేసేవారు. రైతుకు నాగలి ఎటువంటిదో వారికి పటం అటువంటిది. నేటి మాటల్లో చెప్పాలంటే ఆ కథకుడే చిత్రకారుని వ్యాపార వినియోగదారుడు.

అయితే ఆనాటి పురమాయింపుకూ, నేటి పురమాయింపుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఆ కథకుడి వద్ద ఉన్నది ఒక్కటే పటం. అది చిరిగిపోయినా, రంగు వెలిసిపోయినా, మరొకటి కావలసి వచ్చినా అతడు తిరిగి చిత్రకారుని గడప తొక్కవలసిందే. అచ్చుయంత్రం, కంప్యూటరు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఒక్కసారి గీసిన చిత్రం లక్ష ప్రతులుగా మారడానికి చిత్రకారుని చేయి మళ్ళీ కదలనవసరం లేదు. శ్రమ ఒక్కసారి, వినియోగం అనేకసార్లు. కాబట్టి శ్రమకు మాత్రమే వెల కట్టే పాత లెక్క నేటి వ్యాపారానికి చాలదు.

రంగుల విలువ నుంచి నైపుణ్యపు విలువ వరకు

చిత్రానికి వెల నిర్ణయించే పద్ధతి కాలక్రమంలో ఎలా మారిందో తెలుసుకోవడానికి ఐరోపా చరిత్రలోని ఒక ఒప్పందపత్రం తోడ్పడుతుంది. ఇటలీ దేశంలోని ఫ్లారెన్సు నగరంలో అనాథ శిశువుల ఆశ్రమం ఒకటి ఉండేది. దాని అధిపతి 1485లో డొమెనికో గిర్లాందాయో అనే చిత్రకారునికి ఒక చిత్రాన్ని పురమాయించాడు. వెల 115 బంగారు ఫ్లోరిన్లు. గడువు 30 నెలలు. సొమ్మును నెలనెలా వాయిదాలలో చెల్లించాలి. రంగులు చిత్రకారుడే కొనుక్కోవాలి. నీలిరంగు ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల ఖరీదు చేసే మేలురకమై ఉండాలి. పూర్తయిన చిత్రం ఆ వెలకు తగదని ఆశ్రమాధిపతి భావిస్తే తనకు సబబు అనిపించినంత తగ్గించి ఇవ్వవచ్చుననే షరతు కూడా అందులో ఉంది.

ఈ పత్రంలో మనం గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, ఐదు శతాబ్దాల క్రితమే వెల, గడువు, వాయిదాలు, సామగ్రి నాణ్యత స్పష్టంగా రాసుకొన్నారు. ఆ స్పష్టత నేటికీ ఆదర్శమే. రెండవది, తుది తీర్పు పూర్తిగా గీయించుకొనేవాని చేతిలో ఉంది. చిత్రకారుడు నెలల తరబడి శ్రమించిన తరువాత వెల తగ్గినా మారు మాట్లాడే వీలు లేదు. తరువాతి కాలంలో ఐరోపాలో రంగుల ఖరీదుకు ప్రాధాన్యం తగ్గి, చిత్రకారుని చేతి నైపుణ్యానికి ప్రాధాన్యం పెరిగింది. అయినా ఏకపక్షపు షరతులు మాత్రం రూపం మార్చుకొని నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. “చిత్రం నచ్చితేనే డబ్బు ఇస్తాము” అనే మాట అటువంటిదే.

శ్రమకు లెక్క

పురమాయింపు చిత్రపు వెలలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి చిత్రాన్ని తయారు చేయడానికి అయ్యే వ్యయం. రెండవది ఆ చిత్రాన్ని వాడుకోవడానికి ఇచ్చే ప్రతిఫలం. ముందుగా మొదటి భాగాన్ని పరిశీలిద్దాం.

వరంగల్లులోని ఒక హోటలు తన ముందుగది గోడకు ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల చిత్రాన్ని పురమాయించిందనుకొందాం. ఈ ఉదాహరణలోని అంకెలన్నీ లెక్క తెలియడానికి ఊహించుకొన్నవే. చిత్రకారుని ఇంటిఖర్చుకు నెలకు 30,000 రూపాయలు కావాలి. పనిగది అద్దె, కరెంటు, పరికరాలు, ప్రయాణాల నిమిత్తం మరి 9,000 రూపాయలు కావాలి. మొత్తం 39,000 రూపాయలు. దీనిని ముప్పై రోజులతో భాగిస్తే రోజుకు 1,300 రూపాయలు వస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నెలలో ముప్పై రోజులూ ఎవరూ డబ్బు వచ్చే పని చేయలేరు. కొత్త పనులు వెతుక్కోవడం, బేరసారాలు, సామగ్రి కొనుగోలు, సాధన, సెలవులు, అనారోగ్యం, పని దొరకని రోజులు వీటికి కొంతకాలం పోతుంది. అటువంటివి తీసివేయగా నెలకు పదిహేను రోజులు మాత్రమే ప్రతిఫలం వచ్చే పని ఉంటుందనుకొంటే ఒక్కొక్క రోజు వెల 2,600 రూపాయలు అవుతుంది. మొదటి లెక్కకూ దీనికీ సరిగ్గా రెట్టింపు తేడా. తొలి అంకెను నమ్ముకొన్న చిత్రకారుడు ఎంత కష్టపడినా నెల తిరిగేసరికి అప్పు ఎందుకు మిగులుతున్నదో తెలియక బాధపడతాడు.

ఇప్పుడు పని రోజులను లెక్కించాలి. చిత్రం గీయడానికి ఇరవై ఐదు రోజులు. హోటలువారితో మాట్లాడడం, గోడను పరిశీలించడం, రెండు మూడు చిత్తు నమూనాలు తయారు చేయడం మొదలైనవాటికి ఐదు రోజులు. మొత్తం ముప్పై రోజులు. నమూనాల కోసం పడిన ఆలోచన కంటికి కనిపించదు. అంతమాత్రాన అది శ్రమ కాకపోదు. వెల లెక్క ఈ విధంగా ఉంటుంది:

కాన్వాసు, రంగులు, ఇతర సామగ్రి: 6,000 రూపాయలు
30 రోజుల శ్రమ, రోజుకు 2,600 చొప్పున: 78,000 రూపాయలు
పై రెండింటి మొత్తం 84,000 మీద 15 శాతం లాభం, అనుకోని ఖర్చులు: 12,600 రూపాయలు
చట్రం, రవాణా, గోడకు బిగింపు: 8,400 రూపాయలు
మొత్తం: 1,05,000 రూపాయలు

ఈ మొత్తంలో పదిహేను శాతాన్ని కొందరు అత్యాశగా భావించవచ్చు. అది సరికాదు. రోజువారీ వెల చిత్రకారుని జీతం వంటిది. వర్షాకాలంలో రంగు ఆరక వారం రోజులు ఆలస్యమైనా, ఒక కాన్వాసు పాడై మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చినా ఆ జీతం ఒక్కటే సరిపోదు. చిన్న దుకాణానికైనా పెద్ద కర్మాగారానికైనా వర్తించే న్యాయం చిత్రకారునికి మాత్రం ఎందుకు వర్తించకూడదు? పైగా ఈ లెక్క చెప్పేది కనీసపు వెలను మాత్రమే. అనుభవం, పేరుప్రతిష్ఠలు, ఆ శైలికి ఉన్న గిరాకీ పెరిగినకొద్దీ రోజువారీ వెల కూడా పెరుగుతుంది. ఈ అంకె కంటె దిగువకు దిగితే మాత్రం చిత్రకారుడు తన ఇంటిసొమ్ముతో హోటలు గోడను అలంకరించినట్లే.

వినియోగానికి లెక్క

శ్రమకు మాత్రమే వెల కట్టినప్పుడు ఏమి జరుగుతుందో తెలిపే ఉదాహరణ అమెరికాలో ఉంది. 1971లో పోర్ట్‌లాండు నగరంలోని ఒక చిన్న పాదరక్షల వ్యాపార సంస్థ కొత్త గుర్తు కోసం కరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థినిని ఆశ్రయించింది. ఆమె గంటకు రెండు డాలర్ల చొప్పున లెక్కగట్టి 35 డాలర్లు తీసుకొన్నది. ఆమె గీసిన ఆ వంపు గీతే నైకీ కంపెనీ గుర్తుగా ప్రపంచమంతటా వ్యాపించింది. 1983లో ఆ కంపెనీ ఆమెను సత్కరించి, కొన్ని వాటాలను, వజ్రపుటుంగరాన్ని బహూకరించింది. కంపెనీ పెద్దమనసు మెచ్చుకోదగినదే. కాని అది బహుమానం, హక్కు కాదు. ఇవ్వకపోయినా అడిగే దారి ఆమెకు లేదు. ఆమె గంటల లెక్కలో తప్పేమీ లేదు. ఆ చిన్న వ్యాపారం మహావృక్షమవుతుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు. భవిష్యత్తును ఊహించలేము కాబట్టే వినియోగానికి హద్దులు గీసుకోవాలి. హద్దు దాటినప్పుడు వ్యాపారి మళ్ళీ చిత్రకారుని వద్దకు వస్తాడు. కొత్త వినియోగానికి కొత్త ప్రతిఫలం లభిస్తుంది.

ఈ హద్దులు ముఖ్యంగా ఐదు. చిత్రాన్ని ఏ వస్తువుల మీద వాడుకొంటారు? ఎంతకాలం వాడుకొంటారు? ఏ ప్రాంతంలో వాడుకొంటారు? ఎన్ని ప్రతులు తీస్తారు? ఆ హక్కు వారికొక్కరికేనా, చిత్రకారుడు ఇతరులకు కూడా ఇవ్వవచ్చునా? ఈ ఐదు ప్రశ్నలకు వచ్చిన సమాధానాలను బట్టి వినియోగపు వెల పెరుగుతుంది, తగ్గుతుంది. పై ఉదాహరణలోని హోటలు ఆ చిత్రాన్ని భోజనపట్టిక మీద, నూతన సంవత్సర క్యాలెండరు మీద రెండేళ్ళపాటు వరంగల్లు శాఖకు మాత్రమే వాడుకొంటానని కోరిందనుకొందాం. తయారీ వ్యయంలో నాలుగవ వంతును అందుకు ప్రతిఫలంగా ఇరుపక్షాలు అంగీకరిస్తే 26,250 రూపాయలు చేరి, మొత్తం వెల 1,31,250 రూపాయలు అవుతుంది. నాలుగవ వంతు అనేది శాసనం కాదు. ఒక ఊరిలోని ఒక హోటలుకు అది సమంజసం కావచ్చు. దేశమంతటా శాఖలున్న సంస్థ పదేళ్ళపాటు వాడుకొంటే వినియోగపు వెల తయారీ వ్యయాన్ని మించిపోవచ్చు.

ప్రతిఫలం డబ్బు రూపంలోనే ఉండాలన్న నియమం కూడా లేదు. 1967లో ఎయిర్ ఇండియా సంస్థ తన ముఖ్య ప్రయాణికులకు కానుకగా ఇవ్వడానికి ఒక బూడిదపాత్రను రూపొందించవలసిందిగా స్పెయిను చిత్రకారుడు సాల్వడార్ డాలీని కోరింది. ఒక వైపు నుంచి ఏనుగులా, తలకిందులు చేస్తే హంసలా కనిపించే ఆకృతులతో ఆయన దానిని రూపొందించాడు. ఐదు వందల వరకు మాత్రమే తయారైన ఆ పాత్రలకు ఆయన కోరిన ప్రతిఫలం ఒక ఏనుగుపిల్ల! సంస్థ దానిని స్పెయినుకు పంపించింది. ఈ విచిత్రంలోనూ ఒక నీతి ఉంది. తనకు ఏమి కావాలో చిత్రకారుడు స్పష్టంగా చెప్పాడు. సంస్థ అంగీకరించి మాట నిలుపుకొన్నది. అయితే, ఏనుగును అడగగల స్థితి అందరికీ ఉండదు. అద్దె కట్టవలసిన యువ చిత్రకారులకు రూపాయలే శ్రేయస్కరం.

చట్టం చెప్పే మాట

మన దేశంలో కళాకృతులపై హక్కులను 1957 నాటి కాపీరైట్ చట్టం నిర్ణయిస్తుంది. సాధారణంగా చిత్రాన్ని గీసినవారే దాని కాపీరైట్‌కు తొలి యజమాని. ప్రదర్శనలో చిత్రాన్ని కొన్నవారికి ఆ చిత్రమనే వస్తువు మాత్రమే దక్కుతుంది. దాన్ని అచ్చువేసి అమ్ముకొనే హక్కు దక్కదు. కాని పురమాయింపు చిత్రం విషయంలో ఈ నియమం తలకిందులవుతుంది. ప్రతిఫలం తీసుకొని మరొకరి కోరికపై గీసిన వర్ణచిత్రానికి, రూపచిత్రానికి గీయించుకొన్నవారే కాపీరైట్‌కు తొలి యజమాని అవుతారని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతున్నది. “భిన్నమైన ఒప్పందం లేనప్పుడు” అనేది అందులోని కీలకమైన షరతు. అంటే హక్కు తనకే ఉండాలని చిత్రకారుడు కోరుకొంటే ఆ మాటను ముందుగా ఒప్పందంలో చేర్చుకోవాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. ఇక్కడ మాత్రం మౌనం సంపూర్ణాంగీకారమే. ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల క్యాలెండరు, పెట్టె, ప్రచారఫలకం అన్నింటి మీది ప్రతిఫలం చేజారిపోతుంది.

కాపీరైట్‌ను నిలుపుకొన్న చిత్రకారులు దానిని ఇతరులకు బదలాయించేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు లిఖితరూపంలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్ళుగా పరిగణింపబడుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితమవుతుంది.

కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నప్పటికీ కళాకారునికి మిగిలే హక్కులు కొన్ని ఉన్నాయి. 57వ సెక్షన్ ప్రకారం ఆ కృతి తనదేనని చెప్పుకొనే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దానిని వికృతం చేస్తే ఎదిరించే హక్కు కళాకారునికి ఉంటాయి. ప్రముఖ శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఉదంతం ఇందుకు నిదర్శనం. న్యూఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం కేంద్రప్రభుత్వం 1957లో ఆయనకు ఒక కంచు కుడ్యశిల్పాన్ని పురమాయించింది. సుమారు 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు గల ఆ శిల్పాన్ని 1979లో ఆయనకు తెలియజేయకుండానే గోడనుంచి తొలగించి గోదాములో పడవేశారు. అందులోని భాగాలు దెబ్బతిన్నాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. ఆయన 1992లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చింది. ఐదు లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించి, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి అప్పగించవలసిందిగా ఆదేశించింది. డబ్బు చెల్లించినంత మాత్రాన కళాకృతికీ, కళాకారునికీ ఉన్న బంధం తెగిపోదని ఆ తీర్పు చాటింది.

అసలు కంటె కొసరు

పురమాయింపు పనుల్లో తగవులు ఎక్కువగా అసలు పని వల్ల రావు, కొసరు వల్ల వస్తాయి. “ఈ మూల ఒక చెట్టు చేర్చండి,” “రంగు కొంచెం మార్చండి,” “పనిలోపనిగా ఆ తలుపుమీద కూడా ఒక పువ్వు వేయండి” అంటూ చిన్న చిన్న కోరికలు పెరిగి చివరకు అసలు కంటె కొసరు ఎక్కువవుతుంది. ఒక్కొక్కప్పుడు చిత్రకారులే ఉత్సాహంతో అడగని పనిని నెత్తిన వేసుకొంటారు.

1876లో లండనులో ఓడల వ్యాపారి ఫ్రెడరిక్ లేలండు తన ఇంటి భోజనశాలలోని రంగులను కొద్దిగా సరిదిద్దమని జేమ్స్ విస్లర్ అనే చిత్రకారుని కోరాడు. యజమాని ఊళ్ళో లేని సమయంలో విస్లర్ ఆ గదినంతటినీ నీలివర్ణంతో, బంగారు నెమళ్ళతో నింపివేశాడు. రెండు వేల గినీలు అడిగాడు. అనుకోని పనికి అంత సొమ్ము ఇవ్వనని వ్యాపారి అందులో సగమే, అదీ గినీలలో కాక పౌండ్లలో, వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ కాలంలో ఒక గినీ ఇరవై ఒక్క షిల్లింగులు, ఒక పౌండు ఇరవై షిల్లింగులు. పెద్దమనుషులకు గినీలలోను, పనివారికి పౌండ్లలోను చెల్లించే ఆచారం ఉన్నందువల్ల చిత్రకారునికి ఆ ఒక్క షిల్లింగు తేడా కూడా అవమానంగా తోచింది. కాళ్ళవద్ద నాణేలతో కలహించుకొంటున్న రెండు నెమళ్ళను అదే గది గోడపై చిత్రించి తన కసి తీర్చుకొన్నాడు. స్నేహం చెడిపోయింది. ఆ నెమళ్ళగది నేడు వాషింగ్టన్ నగరంలోని మ్యూజియంలో ప్రపంచ ప్రఖ్యాతితో నిలిచి ఉంది. గొప్ప కళ పుట్టింది గాని ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరిగిన తృప్తి మిగలలేదు. పని పెరిగిన మొదటి రోజే ఒక చీటీ రాసుకొని ఉంటే ఆ కలహం వచ్చేది కాదు.

కాబట్టి ఒప్పందపత్రంలో ఈ అంశాలు తప్పక ఉండాలి: చిత్రపు విషయం, కొలతలు, సామగ్రి, చిత్తు నమూనాలు ఎన్ని, ఉచితంగా చేసే మార్పులు ఎన్ని, ఆపై ప్రతి మార్పుకు ఎంత, గడువు, మొత్తం వెల, పన్నులు అందులో చేరినవా కావా, వాయిదాలు, కాపీరైట్ ఎవరిది, వినియోగానికి హద్దులు ఏవి, పని మధ్యలో ఆగిపోతే ఎంత చెల్లించాలి. పత్రం పెద్దదిగా ఉండనవసరం లేదు. రెండు పుటలు చాలు. భాష సులభంగా, ఇద్దరికీ అర్థమయ్యేలా ఉండాలి. వాయిదాలను మూడు భాగాలుగా విభజించడం మేలు. మన ఉదాహరణలో 43,750 రూపాయలు పని మొదలుపెట్టే ముందు, అంతే మొత్తం నమూనా ఆధారంగా చిత్రం సగం పూర్తయినప్పుడు, మిగిలినది చిత్రాన్ని అప్పగించే రోజున తీసుకోవాలి. ముందుగా తీసుకొనే బయానా చిత్రకారునికి సామగ్రి కొనుగోలుకు ఉపయోగపడుతుంది. గీయించుకొనేవారి చిత్తశుద్ధిని కూడా అది తెలియజేస్తుంది.

బేరమాడే తీరు

వ్యాపారి బేరమాడడం సహజం. అది అతని వృత్తిధర్మం. దానికి నొచ్చుకోవలసిన పని లేదు. కాని, బేరంలో తగ్గించవలసింది పని పరిమాణాన్నే గాని రోజువారీ వెలను కాదు. లక్షన్నర అనుకొన్న పనికి లక్ష మాత్రమే ఇవ్వగలమంటే చిత్రపు కొలతను తగ్గించవచ్చు, మనుషుల బొమ్మలను కొన్నింటిని తగ్గించవచ్చు, వినియోగ కాలాన్ని రెండేళ్ళ నుంచి ఒక ఏడాదికి కుదించవచ్చు. అప్పుడు వెల తగ్గినా కళాకారుని గౌరవం తగ్గదు. ఏ పనీ తగ్గించకుండా సగం వెలకు ఒప్పుకొంటే, మొదట చెప్పిన వెల అబద్ధమని తానే ఒప్పుకొన్నట్లవుతుంది.

“డబ్బు లేదు గాని మీకు మంచి పేరు వస్తుంది” అనే మాట కొత్తవారికి తరచుగా వినిపిస్తుంది. ధర్మకార్యాలకు, ఊరి బడికి, స్నేహితుల శుభకార్యానికి ఉచితంగా గీయడం ఉదారత. లాభం కోసం నడిచే సంస్థకు ఉచితంగా గీయడం మాత్రం ఉదారత కాదు. అదే సంస్థ కరెంటు బిల్లును, వడ్రంగి కూలిని పేరుతో చెల్లించలేదు కదా! ఒకరు ఉచితంగా చేస్తే ఆ వీధిలోని ఇతర చిత్రకారుల కూలి కూడా పడిపోతుంది. తన వెల తాను తెలుసుకోవడం తనకు మాత్రమే కాదు, తన తోటివారికి కూడా మేలు చేస్తుంది.

వెల గురించి మాట్లాడడం కళకు అగౌరవమనే భావన మన సమాజంలో కొంత ఉంది. ఆలోచించి చూస్తే లెక్క తెలియని అయోమయమే కళకు అసలైన శత్రువు. ఇంటిఖర్చు గడవక కుంచెను అటకమీద పెట్టిన ప్రతి చిత్రకారునితోపాటు గీయవలసిన ఎన్నో చిత్రాలు కూడా అంతరించిపోతాయి. తగిన వెల పొందిన చిత్రకారుడు మరుసటి చిత్రాన్ని మరింత శ్రద్ధతో గీస్తాడు. తగిన వెల ఇచ్చిన వ్యాపారి మంచి చిత్రాన్ని, నిశ్చింతను కూడా పొందుతాడు. శ్రమకు ఒక లెక్క, వినియోగానికి ఒక లెక్క, ఆ రెండింటికీ ఒక లిఖిత ఒప్పందం. ఈ మూడూ ఉన్నచోట కళ, వ్యాపారం పరస్పరం పోషించుకొంటాయి.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పురమాయింపు చిత్రపు వెలలోని రెండు భాగాలను సోదాహరణంగా వివరించండి.
2. పురమాయింపు చిత్రాల విషయంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఏమి చెబుతున్నది? చిత్రకారులు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చేర్యాల పటాల పురమాయింపుకూ, నేటి వ్యాపార చిత్రాల పురమాయింపుకూ గల భేదమేమిటి?
2. అమర్‌నాథ్ సెహగల్ ఉదంతం చాటిన సత్యం ఏమిటి?
3. ‘అసలు కంటె కొసరు ఎక్కువ’ అనే మాటను నెమళ్ళగది కథకు అన్వయించి రాయండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గిర్లాందాయో ఒప్పందంలో నిర్ణయించిన గడువు ఎంత?
2. ఎయిర్ ఇండియా నుంచి సాల్వడార్ డాలీ కోరిన ప్రతిఫలం ఏమిటి?
3. బేరంలో తగ్గించవలసింది దేనిని?

ఈ) మీ ఊరిలోని ఒక దుకాణం తన గోడపై చిత్రం గీయమని మిమ్మల్ని కోరిందనుకొని, వెలను లెక్కగట్టి, రెండు పుటలకు మించకుండా ఒక ఒప్పందపత్రాన్ని తయారు చేయండి.